ఫోన్ కంపెనీది, ఫోటోలు ఎవరివి?

అందరికీ నమస్కారం. ఆఫీసు పనికి వాడే ఫోన్లను, కంప్యూటర్లను కంపెనీ ఎంతవరకు అదుపు చేయాలన్నదే ఇవాళ్టి మాట.

నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న కంపెనీలో ఐటీ పనులు చూసేవాణ్ణి. ఒకాయన ఉద్యోగం మానేశాడు. ఆయన సొంత ఫోన్లో ఆఫీసు మెయిల్ ఉంది కదా, తీసేద్దామని నా సిస్టమ్‌లో 'వైప్' నొక్కాను, అంటే దూరం నుంచే తుడిచేయడం. మెయిల్‌తో ఆగలేదు, ఫోన్ మొత్తం ఖాళీ అయిపోయింది. సాయంత్రం ఆయన పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేశాడు. తిట్టలేదు. "సార్, మా పాప అన్నప్రాశన ఫోటోలు అందులోనే ఉన్నాయండీ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అప్పట్లో చాలా ఫోన్లలో అదొక్కటే దారి, తుడిస్తే అంతా తుడవాలి. 2014లో ఆండ్రాయిడ్ 5తో వర్క్ ప్రొఫైల్ వచ్చింది, అంటే ఫోన్లో ఆఫీసు యాప్‌లకి వేరే చోటు. ఒకే ఇంట్లో అద్దెకిచ్చిన గది లాంటిది. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనిపిస్తుంది. మనిషి మానేస్తే ఆ గది ఖాళీ చేస్తాం, మిగతా ఇంటి జోలికి పోం. కంపెనీ కొనిచ్చిన ఫోన్లోనూ వర్క్ ప్రొఫైల్ పెట్టి ఇస్తే, 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి సొంత యాప్‌లు, ఫోటోలు కంపెనీకి కనబడవు. కాకపోతే ఫలానా యాప్ వద్దని ఆపొచ్చు, ఫోన్ పోతే మొత్తం తుడవొచ్చు.

గోడౌన్లో స్కానింగ్‌కి వాడే ఫోన్ల సంగతి వేరు. వాటికి కియోస్క్ మోడ్ పెట్టి, ఒక్క యాప్ తప్ప ఏదీ తెరుచుకోకుండా చేయండి. అందులో మొహమాటం అక్కర్లేదు.

కంప్యూటర్ల దగ్గర మాత్రం ఓనర్లు బిగించాల్సింది వదిలేసి, వదలాల్సింది బిగిస్తారు. పెన్‌డ్రైవ్ ఆపేస్తారు. మర్నాటి నుంచి అకౌంట్స్ వాళ్లు ఫైళ్లన్నీ సొంత వాట్సాప్‌లో పంపుకుంటారు. అప్‌డేట్లు మాత్రం ఎవరికీ పట్టవు. 2017 మే నెలలో వనాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. దాన్ని ఆపే ప్యాచ్‌ను, అంటే లోపం సరిచేసే అప్‌డేట్‌ను, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది.

అలాగని వచ్చిన అప్‌డేట్‌ను వచ్చినట్టే అందరికీ తోసేయకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు ఫైల్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆ రోజు మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. అందుకే, మీ చేతిలో ఉన్న అప్‌డేట్ ఏదైనా ముందు ఐటీ వాళ్ల నాలుగు కంప్యూటర్లకి, రెండ్రోజులాగి మిగతావాటికి.

మొన్న ఫీల్డ్‌లో తిరిగే ఒక కుర్రాడు కొత్త ఫోన్ అందుకుంటూ, "సార్, ఇది ఆదివారం కూడా నన్ను చూస్తదా?" అని అడిగాడు. వాళ్ల ఓనర్ నా మొహం చూశాడు. ఫోన్ మొత్తం కంపెనీ ఆధీనంలో ఉండి, లొకేషన్ పెట్టి ఉంటే చూస్తుంది. ఆ మాట ఓనరే ముందు చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు నేను ఫోన్ ఇచ్చేటప్పుడే ఒక కాగితం ఇస్తున్నాను, తెలుగులో: ఏం కనబడుతుంది, ఏం కనబడదు, మానేస్తే ఏం తుడుస్తాం. సగం పేజీ. సంతకం పెట్టించే ముందు వాళ్లచేత చదివిస్తాను.

సరే, కొత్త ఫోన్‌ను కంపెనీ ఆధీనంలోకి ఎలా తెస్తామో చేసి చూపిస్తాను. ఈ ఫోన్ ఇప్పుడే రీసెట్ చేశాను. వెల్‌కమ్ స్క్రీన్ మీద ఒకే చోట ఆరుసార్లు తడుతున్నా, చూడండి... క్యూఆర్ కోడ్ అడుగుతోంది కదా? వెనక ఉన్నవాళ్లు కాస్త ముందుకు రండి.