డ్రెయిన్ బోల్టుకి ఏ వాషర్ వేయాలి?

నమస్తే అండీ. ఆయిల్ మార్చి రెండు రోజులైంది, పొద్దున చూస్తే బండి కింద నల్లటి చుక్క. వెంటనే స్పానర్ తీసి డ్రెయిన్ బోల్టుని, అంటే పాత ఆయిల్ దించడానికి విప్పే అడుగు బోల్టుని, ఇంకాస్త బిగించేస్తాం కదా? ఆగండి. చాలా బళ్లలో ఆయిల్ ఉండే ఛాంబర్ అల్యూమినియందే, దాని త్రెడ్ (మర) పోతే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. ముందు ఆ బోల్టు కింద వాషర్ చూద్దాం.

ఇదిగో, నా స్కూటర్‌లోంచి తీసిన అల్యూమినియం వాషర్. కెమెరా దగ్గరికి తెస్తున్నా. బోల్టు తల నొక్కిన చోట గుండ్రంగా పల్లం పడింది, కనిపిస్తోందా? మెత్తటి లోహం కాబట్టి నలిగి, సన్నటి గీతల్లోకి కూడా దూరి ఆయిల్‌ని ఆపుతుంది. ఒకసారి నలిగాక రెండోసారి అంత బాగా కూర్చోదు. అందుకే ప్రతిసారీ కొత్తది వేస్తాను. రాగిదైతే ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది, పాత మెకానిక్‌లు అలాగే వాడతారు. అల్యూమినియంతో ఆ ప్రయోగం వద్దు, ఎర్రబడే లోపే కరిగిపోతుంది! కంపెనీ ఏ రకం ఇచ్చిందో అదే కొనండి.

ఇక సైజు. షాపులో "17 స్పానర్ బోల్టుకి వాషర్ ఇవ్వండి" అని అడగకండి. 17 తల ఉన్న బోల్టు లావు 12 ఎం.ఎం. కావచ్చు, 14 కూడా కావచ్చు. లావు కొలిచే వెర్నియర్‌తో త్రెడ్ మీద కొలవండి. నాది 11.8 చూపిస్తోంది, అంటే 12 బోల్టు. త్రెడ్ ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది. వెర్నియర్ లేకపోతే పాత బోల్టే జేబులో వేసుకుని వెళ్లండి.

బోల్టుతో పాటు వాషర్ రాలేదా? ఛాంబర్‌కే అతుక్కుని ఉంటుంది. ఓసారి నేనూ చూసుకోకుండా దాని మీదే కొత్తది వేసి, వారం రోజులు చుక్కలు తుడుచుకున్నా. వేలిగోరుతో గీరి చూడండి, అంచు తగిలితే పాతది అక్కడే ఉన్నట్టు. స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, గీత పడితే కొత్త వాషర్ వేసినా కారుతుంది. ప్లాస్టిక్ ముక్కతో నెమ్మదిగా లేపండి.

బోల్టు చేత్తోనే చివరిదాకా తిప్పండి. ఆ తర్వాత టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్‌తో, మాన్యువల్‌లో ఇచ్చిన అంకె వరకే బిగించండి. కొత్త ఆయిల్ పోసి, ఇంజిన్ రెండు నిమిషాలు నడిపి ఆపండి. బోల్టు చుట్టూ టిష్యూ ఒత్తి చూడండి.

నాది పొడిగానే ఉంది.