బస్తా మీద హీరో ఉన్నాడు, ఆకుపచ్చ గీత ఏది? పేరు మారిన రొయ్యల మేత రివ్యూ

నమస్కారమండీ. పశ్చిమ గోదావరి జిల్లా వీరవాసరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద నుంచి మాట్లాడుతున్నాను. వెనక నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు ఉంటుంది, కొంచెం సౌండ్ పెంచుకోండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఇక్కడ కనిపిస్తున్న రెండు బస్తాలు నేను కొన్నవి కావు. కంపెనీవాళ్లు డీలరుగారి చేత ఉచితంగా పంపించి, కొత్త పేరు మీద, కొత్త ప్యాకింగ్ మీద ఒక వీడియో చెయ్యమన్నారు. డబ్బు తీసుకోలేదు. ఊరికే వచ్చిన సరుకైతే ఆ సంగతి చూసేవాళ్లకి చెప్పి తీరాలని 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. అవి లేకపోయినా మీకు చెప్పేవాణ్ణే, ఎందుకంటే ఈ ఛానెల్ చూసేవాళ్లలో సగం మంది నాలాగే అప్పు చేసి చెరువు వేసినవాళ్లు.

కంపెనీ పేరు, హీరో పేరు పలకను. ఒక్క కంపెనీ మీద పెట్టిన వీడియో కాదిది.

ప్రొటీన్ ఎంత, ఫ్యాట్ ఎంత, తేమ ఎంత అన్నవి బస్తా వెనక ఉన్నాయి. మిగతా ఛానెళ్లవాళ్లు ఇప్పటికే చదివి వినిపించారు. మేత గురించి నేను చెప్పేది రెండు ముక్కలే. బాగుంది. రెండు గంటలు నీళ్లలో ఉన్నా గుళిక విడిపోలేదు, వాసన పాతదే, మేత తిన్నదీ లేనిదీ తెలియడానికి చెరువులో దించే చెక్ ట్రే ఎత్తి చూస్తే రొయ్య శుభ్రంగా తింది. ఇదే మేత పాత పేరుతో మూడేళ్లు వాడాను, నాకు తేడా కనపడలేదు.

తేడా అంతా బయట ఉంది.

ఇదిగో, పాత బస్తా ఒకటి దాచాను. దగ్గరగా పెడతాను చూడండి. తెల్ల బస్తా, మధ్యలో రొయ్య బొమ్మ, పైనుంచి కిందకి నాలుగు వేళ్ల వెడల్పున ఆకుపచ్చ గీత. ఆకుపచ్చ అంటే ఒకటో నంబరు మేత, పిల్ల దశలో వేసే నూక. పసుపు గీత రెండో నంబరు. ఎర్ర గీత మూడో నంబరు, అంటే గుళిక. చీకట్లో టార్చి వేసినా, వానలో తడిసినా, ఆ గీత దూరం నుంచే కనపడేది.

ఇప్పుడు కొత్తది. బస్తా మొత్తం నీలం రంగు. నిలువునా హీరోగారు, చేతులు కట్టుకుని. ఫొటో బాగుంది, ప్రింటింగ్ కూడా బాగుంది, కాదనను. కానీ నంబరు ఎక్కడుందో వెతకండి. నాకే పది సెకన్లు పట్టింది. ఇదిగో, కింద ఎడమ మూలన, పది రూపాయల బిళ్లంత గుండ్రంలో. ఒకటో నంబరుకీ ఇదే నీలం, మూడో నంబరుకీ ఇదే నీలం, అదే ఫొటో. తయారీ తేదీ, బ్యాచ్ నంబరు కుట్టు పక్కన కొట్టారు. పైన నున్నటి పొర ఉంది కదా, బొటనవేలితో ఇలా రుద్దితే చూడండి, సిరా వచ్చేసింది. రేపు మేతలో ఏదైనా తేడా వస్తే ఏ బ్యాచ్ అని డీలరుకి చూపించాలి మనం?

మా చెరువు మీద పదేళ్ల నుంచి ఉంటున్న బాబాయ్ ఒకాయన ఉన్నారు. చదువుకోలేదు. చదువు రాదన్న మాటేగానీ చెక్ ట్రే ఎత్తి మిగిలిన మేత చూసి, తర్వాతి పూట ఎన్ని కిలోలు తగ్గించాలో ఆయన చెబితే నేను ఎదురు చెప్పను. ఆయనకి మేత నంబర్లు లేవు. ‘ఆకుపచ్చ బస్తా’, ‘ఎర్ర బస్తా’, అంతే. పోయిన నెల రెండు చెరువులు రెండు వయసుల్లో ఉన్నాయి. ఒకటి ఇరవై రోజులది, ఇంకొకటి డెబ్బై రోజులది. షెడ్డులో రెండు నంబర్ల బస్తాలూ పక్కపక్కనే దించారు, అన్నీ నీలమే. తెల్లవారుజామున ఆయన ఇరవై రోజుల చెరువుకి మూడో నంబరు వేసేశారు.

ఎనిమిది గంటలకి నేను వచ్చి ట్రే ఎత్తాను. గుళికలు ఎలా వేశారో అలాగే ఉన్నాయి, నీళ్లు పీల్చుకుని ఉబ్బి. చిన్న రొయ్య వాటిని కొరకలేక వదిలేసింది. ఆ మిగిలిన మేత అడుగున పేరుకుని కుళ్లితే అమ్మోనియా పెరుగుతుందని రైతులందరికీ తెలుసు. ఒక్క పూటతో దొరికింది కాబట్టి బతికిపోయాం. ఏరేటర్లన్నీ ఆన్ చేసి, తర్వాతి మేత ఆపేసి, నీళ్లు మార్చాను. బాబాయ్ మాత్రం ఆ రోజు అన్నం తినలేదు. “బొమ్మ ఒకటే కదయ్యా, ఎలా తెలుస్తుంది నాకు” అన్నారు. పదేళ్లలో ఆయన చేసిన మొదటి తప్పు అది. తప్పని కూడా నేను అనను.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాను. అంత పెద్ద హీరోకి కోట్లిచ్చి యాడ్ చేయించడం న్యాయమేనా అని మా టీ కొట్టు దగ్గర రోజూ ఇదే గొడవ. ‘ఆ కోట్లన్నీ మన బస్తా మీదే వేస్తారు’ అని ఒకరు, ‘పేరు మారితే జనానికి తెలియాలి కదా’ అని ఇంకొకరు. లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించిన లెక్క, ఏ కంపెనీదీ కాదు. ఏడాదికి లక్ష టన్నుల మేత అమ్మే కంపెనీ ఉందనుకోండి. పాతిక కిలోల బస్తాలు 40 లక్షలు. హీరోకీ యాడ్‌కీ కలిపి 4 కోట్లు పెట్టారనుకుంటే బస్తాకి 10 రూపాయలు. ఎకరానికి 3 టన్నుల రొయ్య తీయాలంటే, కిలో రొయ్యకి 1.4 కిలోల మేత చొప్పున 4,200 కిలోలు, అంటే 168 బస్తాలు. ఎకరానికి 1,680 రూపాయలు. చెరువు పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోయే మనకి అది గుండె ఆగే మొత్తం కాదు. అలాగని ఊరికే వదిలేసే మొత్తమూ కాదు. ఆ 1,680కి నాకేం వచ్చింది అన్నదే నా ప్రశ్న.

పేరు మార్చుకున్న కంపెనీలని మనం ఇంతకుముందూ చూశాం. 2007లో హచ్ పోయి వొడాఫోన్ వచ్చింది. నాది హచ్ సిమ్మే. ఆ యాడ్‌లో హీరో లేడు, ముందు నుంచీ మనకి అలవాటైన ఆ చిన్న కుక్కే గులాబీ గూడు నుంచి ఎర్ర గూట్లోకి మారింది. రంగు మారింది, కుక్క అదే అని పిల్లలకి కూడా అర్థమైంది. అదే ఏడాది యూటీఐ బ్యాంకు యాక్సిస్ అయినప్పుడు కవల పిల్లల్ని చూపించారు, పేరే వేరు మనిషి అదే అన్నట్టు. ఆ రెండు యాడ్‌లూ చెప్పింది ఒకటే మాట: లోపల ఏమీ మారలేదు. పేరు మారినప్పుడు కొనేవాడికి కావలసింది ఆ ఒక్క మాటే.

2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు, మా అమ్మకి పెళ్లప్పటి నుంచీ అందులోనే ఖాతా. బోర్డు మార్చేశారని తెలిసి అమ్మకి ఒకటే టెన్షన్, “మన బ్యాంకు పోయిందంటరా?” అని. తీసుకెళ్లాను. కౌంటర్లో ఆ పాత గుమస్తాగారే ఉన్నారు. “ఆయ్, ఖాతా నంబరు అదేనండీ, డబ్బులూ అవేనండీ, నేనూ ఇక్కడే ఉన్నానండీ” అన్నారు. అమ్మ పాస్ పుస్తకం సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది. ఏ హీరో వచ్చి చెప్పినా అంత నమ్మకం కలిగేది కాదు మా అమ్మకి.

సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్‌గారి సంగతి వేరు. 2010లో ఎయిర్‌టెల్ లోగో మారినప్పుడు ట్యూన్ ఆయనే మళ్లీ చేశారు. 2011లో హీరో హోండా విడిపోయి హీరో మోటోకార్ప్ అయినప్పుడు పాట కట్టింది కూడా ఆయనే. ఆయన పేరున్న మనిషే, ఖరీదైన మనిషే. కానీ ఆయన తన పని చేసి ఇచ్చాడు. ఫోన్ మోగితే ఆ ట్యూన్ మన చెవిలో ఉంటుంది. చేతులు కట్టుకుని నిలబడటానికీ దానికీ చాలా తేడా ఉంది. (అంత పాట కట్టినా మా ఊళ్లో ఇప్పటికీ ఆ బండిని హీరో హోండా అనే అంటారు, అది వేరే సంగతి.)

బయటి దేశం ముచ్చట ఒకటి. 2009లో అమెరికాలో ట్రాపికానా జ్యూస్ డబ్బా మార్చారు. నారింజ పండుకి స్ట్రా గుచ్చి ఉండే బొమ్మ తీసేసి, గ్లాసులో జ్యూస్ బొమ్మ పెట్టారు. లోపల జ్యూస్ అదే. అలవాటైన బొమ్మ లేకపోయేసరికి రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు 20 శాతం పడిపోయాయి, పాత డబ్బానే మళ్లీ తెచ్చారు. చదువుకున్నవాళ్లు, షాపు లైట్ల వెలుతురులో కొనేవాళ్లే అలా తడబడ్డారు. మా బాబాయ్‌కి ఉన్నది తెల్లవారుజాము చీకటి, ఒక టార్చి.

హీరో వల్ల ఉపయోగమే లేదా అంటే, ఉంది. నేను కళ్లారా చూశాను. పేరు మారుతోందని తెలిసిన వారంలో ఉండి ఊరి నుంచి నరసాపురం దాకా ఒకటే పుకారు, కంపెనీ అమ్ముడుపోయిందని, డీలర్లకి డిపాజిట్లు తిరిగి రావని. మన దగ్గర మేత ఎలా నడుస్తుందో మీకు తెలుసు. డీలరు అప్పిస్తాడు, రొయ్యలు పట్టి అమ్మాక కడతాం. ఏ మేత వాడాలన్నది చాలాసార్లు రైతు చేతిలో ఉండదు, అప్పిచ్చినవాడి చేతిలో ఉంటుంది. డీలరు బెదిరితే ఆ బ్రాండు ఊళ్లోకే రాదు. హీరోతో యాడ్ టీవీలో పడింది, భీమవరంలో హోర్డింగ్ లేచింది, వారంలో పుకారు చచ్చిపోయింది. ‘మూసేసే కంపెనీ ఇంత ఖర్చు పెట్టదు కదా’ అన్నారు మా డీలరుగారు. కాబట్టి ఆ మొదటి నెల యాడ్‌కి పెట్టిన డబ్బు దండగని నేననను. నాక్కూడా ధైర్యం వచ్చింది, నిజం చెబుతున్నాను.

నా కోపం ఆ తర్వాత జరిగిన దాని మీద. పుకారు చచ్చాక హీరో పని అయిపోయింది. ఆయన టీవీలో ఉండొచ్చు, హోర్డింగ్ మీద ఉండొచ్చు. బస్తా మీదకి ఎందుకు రావాలి? అది మా పనిముట్టు. రోజుకి నాలుగుసార్లు తీసి వేసేది. ఆ గీత ఉన్న చోటు మాది. అంత ఖరీదు పెట్టి తెచ్చిన ముఖాన్ని వాడకుండా ఎందుకు వదలాలని అనుకుని, మాకు పనికొచ్చే ఒక్క గుర్తునీ చెరిపేశారు. ఇంకో విషయం. ఆ యాడ్‌లో హీరోగారు ‘ఇదే నంబర్ వన్ మేత’ అంటారు. 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవాళ్లకి 10 లక్షల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. మంచి చట్టమే. కానీ మేత బాగుందా లేదా అన్నది మాకు రెండు గంటల్లో ట్రే చెబుతుంది. ఆ మాట చెప్పడానికి మాకు హీరో అక్కర్లేదు. కంపెనీ టెక్నీషియన్ నెలకి ఒకసారి కాకుండా నాలుగుసార్లు వచ్చి నీళ్లు పరీక్ష చేస్తే చాలు. రెండో ఏడాది హీరోగారి ఒప్పందానికి పెట్టే డబ్బుతో ఈ డెల్టాలో ఎంతమంది టెక్నీషియన్లకి జీతాలివ్వచ్చో మీరే లెక్క వేసుకోండి.

డీలరుగారికి ఈ మాటలన్నీ ఫోన్లో చెప్పాను. “పైవాళ్లకి చెబుతానండీ” అన్నారు. చెప్పారో లేదో, ఈ వీడియో అయితే పంపిస్తాను.

నా తీర్పు ఇది. మేతకి పదికి ఎనిమిది. బస్తాకి సున్నా. గీత తిరిగి వచ్చేదాకా నేను ఈ మేత కొనను, నా తర్వాతి పంటకి వేరేది మాట్లాడేశాను. మీ చెరువు మీద చదవడం వచ్చినవాళ్లు ఉండి, నంబర్లు విడివిడిగా పెట్టుకునే షెడ్డు ఉంటే మీరు వాడుకోండి, మేతలో లోపం లేదు.

షెడ్డులో ఇంకా పద్నాలుగు బస్తాలు మిగిలాయి. పాలకొల్లు వెళ్లి రెండు చిన్న డబ్బాల పెయింట్ తెచ్చాను, ఆకుపచ్చ, ఎరుపు. ఇదిగో, ఈ హీరోగారి చొక్కా మీద నుంచి కిందకి కనపడుతోంది కదా ఆకుపచ్చ గీత, అది బాబాయ్ గీసిందే. నంబర్లు నేను చదివి చెప్పాను, ఆయన ఒక్కో బస్తాకీ గీశారు. ఇంకా పూర్తిగా ఆరలేదు, చేతికి అంటుతోంది. మూడో పూట మేత టైమైంది, ఉంటానండీ.