క్లయింట్ "యాప్ కావాలి" అంటే ఫ్రీలాన్సర్ ముందు అడగాల్సిన ప్రశ్న

తెరపై: చవక ఆండ్రాయిడ్ ఫోన్. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే ఒక ఫంక్షన్ హాల్ పేజీ తెరుచుకుంటుంది.

వాయిస్:
సొంతంగా వెబ్ పనులు చేసేవాళ్లకి తరచూ వచ్చే ఫోన్ ఇది: "మాకో యాప్ చేసిపెట్టాలండీ, ఎంతవుతుంది?" రేటు చెప్పేముందు ఒక్కటి అడగండి. మీ కస్టమర్ ఆ యాప్‌ని నెలకి ఎన్నిసార్లు తెరుస్తాడు?

ఫంక్షన్ హాల్ సంగతే చూడండి. ఇంట్లో పెళ్లి కుదిరితే తప్ప హాలుతో ఎవరికీ పనుండదు. ముహూర్తం రోజుకి ఖాళీ ఉందా, అద్దె ఎంత, భోజనాల హాల్లో ఒక్క బంతికి ఎంతమంది కూర్చుంటారు, జనరేటర్ డీజిల్ ఎవరు పోయించాలి? ఈ నాలుగు ముక్కల కోసం యాప్ దించుకునేవాళ్లు ఉండరు. వాళ్లకి కావాల్సింది ఫోన్‌లో చటుక్కున తెరుచుకునే పేజీ.

తెరపై: యాప్ స్టోర్‌లో పెట్టడానికి ఖాతా ఫీజు. గూగుల్ ప్లే 25 డాలర్లు, ఒకసారి. ఆపిల్ 99 డాలర్లు, ఏటా.

వాయిస్:
ఖాతా ఫీజు సంగతి పక్కనపెట్టండి, అసలు చిక్కు గడువు దగ్గర. 2023 నవంబర్ 13 తర్వాత తీసిన వ్యక్తిగత ప్లే ఖాతా అయితే, యాప్‌ని ముందుగా వాడి చూసే టెస్టర్లు కనీసం 12 మంది వరసగా 14 రోజులు ఆ పరీక్షలో చేరి ఉండాలి. ఆ తర్వాతే యాప్‌ని అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోగలం. మధ్యలో ఒకరిద్దరు తప్పుకున్నా ఇబ్బంది లేకుండా 16 మందిని చేర్చుకోండి. సంస్థ పేరుతో ఖాతా తీస్తే ఈ నియమం ఉండదు కానీ డన్స్ నంబరు (సంస్థలకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) తెచ్చుకోవాలి. "రెండు వారాల్లో ఇచ్చేస్తాం" అని మాటిచ్చినవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. పైగా ఏటా కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు యాప్‌ని మార్చాలి. లేకపోతే కొత్త ఫోన్లు కొన్నవాళ్లకి అది స్టోర్‌లో కనిపించడం మానేస్తుంది. ఆ పనికి డబ్బెవరిస్తారో మొదట్లోనే తేల్చుకోవాలి.

తెరపై: పేజీ రెండు రూపాల్లో. ఎడమవైపు శీర్షికలో ఒత్తులు తెగిపోయాయి. కుడివైపు సరిగ్గా ఉన్నాయి.

వాయిస్:
ఇప్పుడు పేజీ దగ్గరికొద్దాం. యజమాని మీకు పాంప్లెట్ ఫైలు పంపుతాడు. అది అను ఫాంట్లలో టైప్ చేసినదైతే, కాపీ చేసి అతికించగానే అర్థంలేని గుర్తులొస్తాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, అంటే అన్ని ఫోన్లూ తెలుగుగా గుర్తుపట్టే పద్ధతిలో ఉండవు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి, ఆ తర్వాత ఒత్తులు, అంకెలు అసలు పాంప్లెట్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. పాంప్లెట్‌ని ఫొటోగా పెట్టేసి చేతులు దులుపుకోవద్దు. చిన్న తెర మీద అక్షరాలు చదవలేం, అందులోని ఫోన్ నంబరు నొక్కినా కాల్ వెళ్లదు.

"శ్రీలక్ష్మి" అని పెద్దక్షరాల్లో పెట్టి చూడండి. ఇంగ్లిష్ శీర్షికకి సరిపోయే 1.2 లైన్ హైట్‌లో (అక్షరం సైజుకి వరుస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే అంకె) కింది ఒత్తు తర్వాతి వరుసని తాకుతుంది. పెట్టె ఎత్తు బిగించి ఉంటే తెగిపోతుంది కూడా. తెలుగుకి 1.6 నుంచి 1.8 వరకు ఇవ్వండి, బటన్లకి ఎత్తు బిగించకండి.

పేజీని బరువెక్కించేవి ఫొటోలే. ఫోన్‌లో తీసిన ఫొటో 3, 4 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1080 పిక్సెల్స్‌కి కుదించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే సాధారణంగా 150 కేబీ చుట్టుపక్కలకి దిగుతుంది. ప్రతి ఫొటోకీ వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయండి. రాయకపోతే ఫొటో దిగేసరికి కింద ఉన్నదంతా జారి, ఒకటి నొక్కబోతే ఇంకోటి నొక్కుకుంటుంది. పేజీలో అన్నిటికంటే పైనుండే ఫొటోకి మాత్రం లేజీ లోడింగ్ (అవసరమయ్యేదాకా ఫొటోని దించకుండా ఆపడం) పెట్టకండి. పేజీలో అన్నిటికంటే పెద్దగా కనిపించేది 2.5 సెకన్లలోపు రావాలన్నది గూగుల్ కొలత. దాన్ని ఆఫీసు వైఫైలో కాదు, మొబైల్ డేటా మీద చూడండి.

ఆన్‌లైన్ బుకింగ్ క్యాలెండర్ వద్దనే చెప్పండి. యజమాని లెక్కంతా డైరీలో ఉంటుంది, పేజీలో పాత సమాచారం కనబడితే ఒకే ముహూర్తానికి ఇద్దరు వచ్చి నిలబడతారు. దాని బదులు "ఈ తేదీ ఖాళీయా?" అని ఒక బటన్ పెట్టండి. నొక్కగానే వాట్సాప్‌లో ప్రశ్న సిద్ధంగా ఉండాలి. లింకులో నంబరు ముందు 91 రాయాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ రాయకూడదు.

తెరపై: పాల సేకరణ కేంద్రం, బ్లూటూత్ తూకం మిషన్.

వాయిస్:
ఇక్కడైతే యాప్ చేయాల్సిందే. రోజుకి రెండు పూటలా వాడకం, నెట్ లేకపోయినా లీటర్లు, వెన్న శాతం నమోదు కావాలి, మిషన్‌తో బ్లూటూత్‌లో మాట్లాడాలి. ఇలాంటి పనికి ధైర్యంగా యాప్ రేటు చెప్పండి.

తెరపై: కొటేషన్ కాగితం.

వాయిస్:
కొటేషన్‌లో డబ్బుని మూడు భాగాలు చేయండి: సగం అడ్వాన్స్, డిజైన్ ఒప్పుకున్నాక 30 శాతం, లైవ్ చేసేముందు 20. "మ్యాటర్, ఫొటోలు ఇచ్చాక" అని మాత్రం రాయకండి, అవి నెలలతరబడి రావు, మీ డబ్బూ వాటితోపాటే ఆగుతుంది. మార్పులు రెండు విడతలే అని రాయండి. డొమైన్‌ని, అంటే పేజీ అడ్రసుని, క్లయింట్ పేరు మీద, క్లయింట్ ఈమెయిల్‌తో, క్లయింట్ కార్డుతోనే కొనిపించండి. మీ ఖాతాలో ఉంచుకుంటే, మీరు రెన్యువల్ మరిచిన రోజున పెళ్లిళ్ల సీజన్ మధ్యలో వాళ్ల పేజీ మాయమవుతుంది.