నల్లరంగు పూసినంత మాత్రాన అక్షరం పోదు

శ్రోతలకు నమస్కారం.

2019 జనవరిలో అమెరికాలో పాల్ మనాఫోర్ట్ లాయర్లు కోర్టులో ఒక పత్రం దాఖలు చేశారు. ఆయన ట్రంప్ ఎన్నికల ప్రచారాన్ని నడిపిన మనిషి. బయటికి పొక్కకూడని వాక్యాల మీద నల్లగీతలు పెట్టారు. విలేకరులు ఆ గీతల్ని మౌస్‌తో సెలెక్ట్ చేసి, వేరే చోట పేస్ట్ చేశారు. కింద దాగిన వాక్యాలు వచ్చేశాయి. లాయర్లు కప్పారే గానీ తీసేయలేదు.

కాగితం బయటికి ఇచ్చేముందు అందులో ఇవ్వకూడని వివరాలు దాచే ఈ పని మన ఆఫీసుల్లోనూ రోజూ ఉండేదే. తీసేయాల్సిన మాటల్ని ఫైల్లోంచే డిలీట్ చేసి, విడిగా కొత్త కాపీ తయారుచేయాలి. కంప్యూటర్ మీద నమ్మకం లేకపోతే ప్రింట్ తీసి, నల్ల మార్కర్‌తో కొట్టేసి, దాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్ కాపీనే ఇవ్వండి. మార్కర్ పూసిన కాగితాన్ని మాత్రం ఇవ్వకండి. లైటుకు ఎదురుగా పట్టుకుంటే అక్షరాలు కనిపించవచ్చు.

పేరు ఒక్కటి కొట్టేస్తే చాలనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. అత్యాచార బాధితురాలి పేరు తీసేసి, ఊరు, తండ్రి చేసే పని, చదివే కాలేజీ ఉంచేశారనుకోండి. ఆ ఊరి టీ కొట్టు దగ్గర ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు. ఆ అమ్మాయి ఇక వీధిలోకి ఎలా వస్తుంది? అందుకే ఆమె ఎవరో తెలిసిపోయే ఏ వివరమూ బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2018లో గట్టిగా చెప్పింది.

అలాగని, వ్యక్తిగత వివరాలున్నాయంటూ ఫైలు మొత్తం దాచేయడం అన్యాయం. సమాచార హక్కు చట్టం పదో సెక్షన్ ప్రకారం, ఇవ్వకూడని భాగాన్ని విడదీయడానికి వీలుంటే దాన్ని తీసేసి మిగతాది ఇవ్వవచ్చు. అలా ఇచ్చేటప్పుడు కారణం చెప్పాలి. ఆ నిర్ణయం తీసుకున్న అధికారి పేరు, హోదా కూడా రాయాలి. రోడ్డుకు ఎంత ఖర్చయిందో అడిగిన మనిషికి ఆ లెక్క అందాలి, కూలీల బ్యాంకు ఖాతా నంబర్లు అందకూడదు.

ఇక మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. అందులో మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. అది సరిపోయే చోట అదే ఇవ్వండి. ఏ నోటీసు బోర్డు మీద అంటించిన జాబితాలోనైనా మీ పూర్తి ఆధార్ నంబరు కనిపిస్తే, ఆ జాబితా తీసి సరిచేయమని అక్కడికక్కడే అడగండి.