శనగ గింజల పరమాణువు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే భోజనాల వేళ దాటుతుంది, మన్నించాలి. జాతీయ సైన్సు దినోత్సవం కదా, రామన్ గారి గురించి మాట్లాడమన్నారు. కాగితం రాసుకునే వచ్చాను. కానీ ఇందాక వరండాలో ఓ కుర్రాడు థర్మాకోల్ ముక్కలతో సొంతంగా పరమాణువు చేసి పెట్టుకుంటే, "సిలబస్‌లో లేదు, తీసెయ్" అన్న మాట నా చెవిన పడింది. రామన్ గారిని వచ్చే ఏడాది చూద్దాం.

1974లో నేను ఇంటర్. చివరి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లుంటే స్థిరం అన్నారు మాస్టారు. ఎనిమిదే ఎందుకు? ఘనానికి మూలలు ఎనిమిది! చెరువు బంకమట్టితో పాచికల్లాంటివి చేసి, మూలల్లో శనగ గింజలు గుచ్చాను. సోడియంకు ఒక్క గింజ, క్లోరిన్‌కు ఏడు. ఆ ఒక్కటీ తీసి ఇటు గుచ్చితే ఉప్పు తయారు. రెండు క్లోరిన్లను అంచుకు అంచు కలిపితే రెండు గింజలు ఉమ్మడి, ఏకబంధం. ఆక్సిజన్లను ముఖానికి ముఖం కలిపితే నాలుగు ఉమ్మడి, ద్విబంధం. ఆ రాత్రి నాకు నిద్రేదీ!

మర్నాడు బల్ల మీద పెట్టాను. మాస్టారు డస్టరుతో పక్కకు తోసేశారు. "ఇంటర్‌కొచ్చి బొమ్మలాటలేంట్రా?" క్లాసంతా గొల్లుమంది. బెంచీల కిందకు దొర్లిన గింజలు ఏరుకుని జేబులో వేసుకున్నాను. తడిమట్టిలో నానాయి కాబోలు, రెండింటికి మొలకలొచ్చాయి. మొలకెత్తిన ఎలక్ట్రాన్లు! నవ్వండి, పర్లేదు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఎమ్మెస్సీలో తెలిసింది, ఈ ఘనాన్నే అమెరికా రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ 1902లో గీసుకున్నాడని. ఆయనా పిల్లలకు ఆవర్తన నియమం చెప్పబోయే గీశాడు. అచ్చయింది 1916లో. పద్నాలుగేళ్లు! తీరా అచ్చేసిన వ్యాసంలోనే దాన్ని దాటి వెళ్ళాడు. త్రిబంధం దగ్గర పేచీ వచ్చింది.

పిల్లలూ, చేతిలో రెండు ఘనాలున్నాయనుకోండి. మూల కలిస్తే ఒకటి, అంచు కలిస్తే రెండు, ముఖం కలిస్తే నాలుగు. త్రిబంధానికి ఆరు కావాలి. ఆరు ఉమ్మడిగా పెట్టండి చూద్దాం! ఎటు తిప్పినా కుదరదు. నైట్రోజన్‌ది త్రిబంధమే, గాలిలో 78 శాతం అదే. దాని బంధం తెంచాలంటే మోలుకు 945 కిలోజౌళ్లు కావాలి. అంతటి బంధానికి నా మట్టిబొమ్మలో చోటే లేదు. లూయిస్ ఎలక్ట్రాన్లను జంటలు చేసి చతుర్ముఖి, అంటే నాలుగు ముఖాలు, నాలుగు మూలలున్న ఆకారం, దాని మూలల్లో కూర్చోబెట్టాడు. మూల కలిస్తే ఒక జంట, అంచు కలిస్తే రెండు, ముఖం కలిస్తే మూడు. కుదిరింది. తర్వాత క్వాంటం వాళ్ళొచ్చి ఎలక్ట్రాన్ అసలెక్కడా కూర్చోదన్నారు, అది వేరే కథ. జంట మాత్రం మిగిలింది. మీరు నోటుబుక్కుల్లో పెట్టే రెండు చుక్కలు అవే.

మాస్టారు కాదన్నారని కాదండీ నా బాధ. నా బొమ్మ తప్పే. "నైట్రోజన్ చేసి చూపించరా" అని ఒక్క మాట అనుంటే, ఆ సాయంత్రమే నా ఘనాన్ని నేనే విరగ్గొట్టుకునేవాణ్ణి. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుందండీ? సిలబస్ ఏమైనా వెనకబడుతుందా?

ఆ థర్మాకోల్ అబ్బాయి ఎక్కడ? రా నాన్నా, పైకి రా. ఎవరైనా ఆ మైకు కాస్త కిందికి దించండి. ముందు ఉప్పు చేసి చూపించు. నైట్రోజన్ తర్వాత అడుగుతాను.