పుచ్చకాయ ముక్క, ముసలి హమాలీ: పాలస్తీనా అచ్చు బొమ్మల రివ్యూ

నమస్కారం. తెర మీద పుచ్చకాయ ముక్క చూసి వేసవి ప్రకటన అనుకునేరు! పాలస్తీనా చిత్రకారుడు ఖాలిద్ హౌరానీ 2007లో సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో చేసిన బొమ్మ ఇది. తరువాత దీనికి 'పాలస్తీనా జెండా రంగులు' అని పేరు పెట్టారు.

అసలు కథ 1980 నాటిది. రామల్లాలోని గ్యాలరీ 79లో స్లిమాన్ మన్సూర్, నబీల్ అనానీ, ఇసామ్ బద్ర్‌ల చిత్రాల ప్రదర్శనను ఇజ్రాయెల్ సైన్యం మూసివేయించింది. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు కలిపి వాడొద్దని హుకుం. 'ఆ రంగుల్లో పువ్వు వేస్తే?' అని బద్ర్ అడిగితే, పుచ్చకాయ వేసినా జప్తు చేస్తామన్నాడట అధికారి. ఇది మన్సూర్ చెప్పిన సంగతి. చిత్రకారులకు తట్టని ఆలోచనను ఆ అధికారే వాళ్ల చేతికి అందించాడన్నమాట!

ఎర్రటి గుజ్జు, నల్లటి గింజలు, తెల్లటి పొర, పచ్చటి తొక్క. జెండా రంగులు నాలుగూ వచ్చేశాయి. పద్ధతి కూడా మన ఊళ్లలో శుభలేఖలు అచ్చేసే స్క్రీన్ ప్రింటింగే. ఎన్ని కాపీలైనా తీయవచ్చు, ఎన్నని జప్తు చేస్తారు? అయితే నాకొక పేచీ ఉంది. ఇప్పుడు ఫోనుల్లో, టీషర్టుల మీద ఎక్కడ చూసినా ఇదే. ముద్దుగా ఉంది, అందుకే కోపం పలచబడింది.

మన్సూర్ 1973లో వేసిన 'జమల్ అల్ మహామిల్' (బరువులు మోసే ఒంటె) అలా కాదు. ఒక ముసలి హమాలీ, వీపు మీద జెరూసలేం నగరం మొత్తం. మూటలోంచి ఆ నగరంలోని ముస్లింల పవిత్ర కట్టడం డోమ్ ఆఫ్ ది రాక్ బంగారు గుమ్మటం కనబడుతుంది. నేనైతే ముందు ఆ పాదాలు చూస్తాను: చెప్పుల్లేవు, పెద్దవి, బరువంతా వాటి మీదే. వెనుక ఊరు లేదు, దారి లేదు. మూట దించడానికి చోటే లేదు. అసలు చిత్రం లిబియాకు చేరి, 1986 అమెరికా బాంబు దాడిలో కాలిపోయిందంటారు. కానీ అప్పటికే పోస్టరుగా అచ్చై, ఇంటింటి గోడ మీదికీ వెళ్లిపోయింది. పుచ్చకాయకు పదికి ఆరు, దీనికి తొమ్మిది.

గుర్తులేవీ అడ్డుపెట్టుకోని పని చూడాలంటే, 1982లో బీరూట్‌లోని సబ్రా, షతీలాలలో పాలస్తీనా శరణార్థుల మీద జరిగిన ఊచకోతపై ఇరాకీ చిత్రకారుడు దియా అల్ అజ్జావీ 1983లో చేసిన ఎచింగులు (లోహపు పలక మీద గీతలు చెక్కి తీసే అచ్చు బొమ్మలు) వెతకండి. పిల్లలు పక్కన ఉన్నప్పుడు మాత్రం వద్దు.