సరయేవో: ముట్టడిలోనూ నాటకం ఆపని ఊరు

[దృశ్యం: విజయవాడ, లెనిన్ సెంటర్. పాత పుస్తకాల షాపుల ముందు వ్యాఖ్యాత]

నమస్తే. ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్లు తొలి మహాసభ పెట్టుకున్నది 1914లో, ఈ బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా గ్రంథాలయం ఉండాలని పట్టుబట్టి నడిపిన ఉద్యమానికి ఈ ఊరే కేంద్రం. ఒక గ్రంథాలయాన్ని గురి చూసి తగలబెట్టిన కథ చెప్పాలంటే ఇంతకన్నా తగిన చోటు దొరకదనిపించింది. ఆ గ్రంథాలయం ఉన్నది బోస్నియా రాజధాని సరయేవోలో.

[మ్యాప్: సరయేవో, చుట్టూ కొండలు]

మధ్యలో మిల్యాత్స్కా నది, చుట్టూ కొండలు. మన ఇంద్రకీలాద్రి మీద, గుణదల కొండ మీద, మొగల్రాజపురం కొండల మీద ఫిరంగులు పెట్టుకుని, బీసెంట్ రోడ్డులో నడిచే ప్రతి మనిషినీ గురి చూస్తున్నారనుకోండి. అక్కడ జరిగింది అదే. కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు రావు. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా, 1,425 రోజులు. ఆ ఊళ్లో చనిపోయినవాళ్లు 11,541 మంది. 2012లో వాళ్ల జ్ఞాపకంగా నడివీధిలో అన్ని ఎర్ర కుర్చీలూ వరసగా వేసి, ఖాళీగా వదిలేశారు.

బోస్నియా, సెర్బియా, క్రొయేషియా లాంటివన్నీ కలిసి ఒకే దేశంగా ఉన్న యుగోస్లావియా ముక్కలవుతున్న రోజులవి. బోస్నియా స్వతంత్రం కావాలని ఓటేసింది. బోస్నియాలోని సెర్బు జాతీయవాదులు, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ అండతో, ఒప్పుకోలేదు. సరయేవోను ముట్టడించింది వాళ్లే. దీన్ని అంతర్యుద్ధం అనాలా, బయటినుంచి నడిపించిన దాడి అనాలా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. వేర్వేరు జాతులవాళ్లు ఒకచోట కలిసి బతకడం కుదరదన్నది మాత్రం ముట్టడి వేసినవాళ్ల వాదన.

సరయేవో ఆ వాదనకు అడ్డంగా నిలబడ్డ ఊరు. పాత ఊళ్లో కొద్ది నిమిషాలు నడిస్తే చాలు, మసీదు, ఆర్థడాక్స్ చర్చి, కాథలిక్ చర్చి, యూదుల సినగాగ్ అన్నీ కనిపిస్తాయి. ముస్లింలు, సెర్బులు, క్రొయాట్లు పెళ్లిళ్లు చేసుకుని కలిసిపోయిన ఇళ్లు ఎన్నో. సెర్బులు కూడా చాలామంది ఊరు వదలకుండా ఉండిపోయారు. కొండ మీది నుంచి పడ్డ షెల్లు వాళ్లనూ చంపింది.

[దృశ్యం: విజెచ్‌నిత్సా భవనం, మంటలు]

1992 మే నెలలో ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ కాలిపోయింది. అరబ్బీ, పారసీ, టర్కిష్, హీబ్రూ, బోస్నియన్ భాషల్లోని 5,000కు పైగా రాతప్రతులు పోయాయి. ఆగస్టు 25 రాత్రి జాతీయ గ్రంథాలయం మీద షెల్లులు వేశారు. ఆ భవనం పేరు విజెచ్‌నిత్సా, 1896లో ప్రారంభించింది. లోపల సుమారు 15 లక్షల పుస్తకాలున్నాయి. ఆర్పడానికి నీళ్లు లేవు. అక్కడ పనిచేసేవాళ్లు, చుట్టుపక్కల జనం తూటాల మధ్య వరసగా నిలబడి, ఒకరి చేతినుంచి ఒకరికి పుస్తకాలు అందించుకుంటూ దొరికినన్ని బయటికి చేర్చారు. ఆ గ్రంథాలయ ఉద్యోగిని ఆయిదా బుటురోవిచ్ ప్రాణం ఆ దాడిలోనే పోయింది. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆవిడే. మనలో చాలామందికి ఆవిడ పేరైనా తెలియదు, తెలియాలి.

ఘాజీ హుస్రెవ్ బేగ్ గ్రంథాలయం వాళ్లు ముందే జాగ్రత్తపడ్డారు. శతాబ్దాల నాటి రాతప్రతుల్ని అరటిపండ్ల అట్టపెట్టెల్లో సర్ది, యుద్ధం సాగినంతకాలం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తూ కాపాడుకున్నారు.

[దృశ్యం: హగ్గాదా పుటలు, బంగారు రంగు బొమ్మలు]

ఇప్పుడొక పుస్తకం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. యూదులు పస్కా పండుగ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకునే గ్రంథాన్ని హగ్గాదా అంటారు. ఈ ప్రతిని 1350 ప్రాంతంలో స్పెయిన్‌లో రాసి, బొమ్మలు వేశారు. 1492లో అక్కడినుంచి యూదుల్ని వెళ్లగొట్టారు. ఈ పుస్తకం చేతులు మారుతూ సరయేవో చేరింది. 1894లో అక్కడి మ్యూజియం కొన్నది.

1942లో నాజీ సేనాపతి వచ్చి దీన్ని అప్పగించమన్నాడు. మ్యూజియంలో పనిచేసే ముస్లిం పండితుడు దెర్విష్ కోర్కుత్ దాన్ని రహస్యంగా బయటికి దాటించాడు. కొండ మీది ఒక పల్లెలో, మసీదులో దాచారని చెబుతారు. దొరికిపోతే ఆయన తల ఉండేది కాదు.

యాభై ఏళ్ల తర్వాత మ్యూజియం మళ్లీ యుద్ధరంగం అంచున పడింది. ఈసారి ఎన్వెర్ ఇమామోవిచ్ అనే పురావస్తు శాస్త్రవేత్త, ఆయనా ముస్లిమే, పోలీసుల్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్లి పుస్తకాన్ని తెచ్చాడు. దాన్ని బ్యాంకు లాకర్‌లో భద్రపరిచారు. 1995లో, ముట్టడి ఇంకా సాగుతుండగానే, పస్కా పండుగ నాడు బోస్నియా అధ్యక్షుడు ఇజెత్‌బెగోవిచ్ స్వయంగా యూదుల దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ యూదుల సంఘం, పేరు లా బెనెవొలెన్సియా, అప్పటికే మతం అడగకుండా ఊళ్లో అందరికీ ఉచితంగా మందులిస్తోంది.

[దృశ్యం: పత్రిక మొదటి పేజీలు, కొవ్వొత్తుల వెలుగులో రంగస్థలం]

మిగతావి వరసగా చెప్పేస్తాను. ఒస్లొబొజెన్యె అనే దినపత్రిక ఆఫీసు బిల్డింగు కూలిపోయింది. మూడు జాతుల సిబ్బందీ నేలమాళిగలో కూర్చుని రోజూ పత్రిక తెచ్చారు. ముట్టడి మొదలైన కొద్ది వారాలకే సరయేవో యుద్ధ నాటకశాల పుట్టింది. 1993 ఆగస్టులో అమెరికా రచయిత్రి సుసాన్ సాంటాగ్ వచ్చి, అక్కడి నటులతో బెకెట్ రాసిన 'వెయిటింగ్ ఫర్ గోడో' నాటకాన్ని కొవ్వొత్తుల వెలుగులో వేయించింది. 1994 జూన్‌లో, కాలిపోయిన విజెచ్‌నిత్సా శిథిలాల్లో సరయేవో ఫిల్‌హార్మోనిక్ అనే వాద్యబృందం, చనిపోయినవాళ్ల కోసం మోజార్ట్ కట్టిన 'రెక్వియెమ్' వాయించింది. ఆ కచేరీ నడిపించింది మన బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా. 1995 అక్టోబరులో మొదటి సరయేవో ఫిల్మ్ ఫెస్టివల్ జరిగింది, 15 దేశాల నుంచి 37 సినిమాలు వచ్చాయి.

[వ్యాఖ్యాత, కెమెరా వైపు]

యుద్ధం వల్లే ఇంత కళ పుట్టిందని కొందరు గొప్పగా చెబుతుంటారు. నేను ఒప్పుకోను. యుద్ధం రచయితల్ని దేశం దాటించింది, వాద్యకారుల్ని చంపింది. ఆ ఊళ్లో 1923 నుంచే ఫిల్‌హార్మోనిక్ ఉంది. 1955లో చిన్న నాటకశాల ఒకటి పెట్టుకున్నారు. 1960 నుంచి ఏటా నాటకోత్సవం జరుపుకుంటున్నారు. సాయంత్రమైతే కలిసి వెళ్లి కూర్చునే అలవాటు రెండు మూడు తరాలుగా ఉంది కాబట్టే, కరెంటు పోయినా కొవ్వొత్తి పట్టుకుని వెళ్లారు.

అలాంటి సంస్థల్ని శాంతికాలంలో ఎవరు పోషిస్తారన్నది వేరే కష్టం. 1995లో డేటన్ ఒప్పందంతో యుద్ధం ఆగింది. కానీ జాతీయ మ్యూజియం ఖర్చు ఎవరు భరించాలో ఆ తర్వాతి ప్రభుత్వాలు తేల్చుకోలేదు. 2012 అక్టోబరులో తలుపులకు చెక్కలు కొట్టి మూసేశారు. ఉద్యోగులు జీతాల్లేకుండానే డ్యూటీకి వచ్చి వస్తువుల్ని చూసుకున్నారు. మూడేళ్లపాటు. జనం కూడా వాళ్లకు తోడుగా వెళ్లి కాపలా కూర్చున్నారు. 2015 సెప్టెంబరులో మ్యూజియం మళ్లీ తెరిచారు. హగ్గాదా ఇప్పుడు అక్కడే, చల్లదనం, తేమ అదుపులో ఉంచే ప్రత్యేకమైన గదిలో ఉంది.